ప్రమేయాలకు పరీక్ష అక్కరలేదా?

రుజువు అడగకుండా ముందే ఒప్పుకొని, వాటి మీద సిద్ధాంతాన్ని నిర్మించుకునే మూల భావనలను అర్థశాస్త్రంలో ప్రమేయాలంటారు. అవి వాస్తవానికి సరిపోతాయా లేదా అన్న విచారణ అనవసరమని, సిద్ధాంతం చేసిన ప్రాగుక్తి, అంటే జరగబోయేదాని గురించిన అంచనా, ఫలిస్తే చాలునని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1953లో వాదించారు. పాల్ శామ్యూల్సన్ వంటివారు ఎదిరించినా ఆ వాదమే చాలామంది అర్థశాస్త్రజ్ఞులకు అలవాటైపోయింది. ఈ వెసులుబాటు భౌతికశాస్త్రంలోనూ ఉన్నదేనని, గాలి లేని చోట మాత్రమే అక్షరాలా నిజమయ్యే పతన సూత్రం గాలిలో పడే రాతికీ పనికివస్తోందని వారు ఉదాహరణ చూపుతారు. అయితే భౌతికశాస్త్రం నడిచిన దారి వేరు.

వాయువులోని అణువులకు సొంత పరిమాణం లేదని, అవి ఒకదాన్నొకటి ఆకర్షించవని అనుకుంటే ఆదర్శ వాయు సూత్రం వస్తుంది. రెండూ అబద్ధాలే, అయినా తక్కువ పీడనంలో సూత్రం చక్కగా పనిచేస్తుంది. కానీ దాని ప్రకారం ఏ వాయువునైనా ఎంత చల్లబరచి ఎంత అదిమినా ద్రవం కానే కాకూడదు. వాన్ డర్ వాల్స్ 1873లో ఆ రెండు ప్రమేయాలనే పట్టుకొని, అణువుల పరిమాణానికొకటి, ఆకర్షణకొకటి చొప్పున సవరణలు చేర్చి, వాయువు ద్రవంగా ఎలా మారుతుందో వివరించగలిగారు. ఆ సిద్ధాంతపు వెలుగులోనే కామర్లింగ్ ఓనెస్ 1908లో లైడెన్‌లో హీలియంను ద్రవీకరించారు. సిద్ధాంతం ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందో తెలిసి ఉండాలని ఫ్రీడ్‌మన్ కూడా అంగీకరించారు, నిజమే. కానీ ప్రమేయం ఎక్కడ ఎంత తప్పుతోందో కొలవకుండా ఆ హద్దులకు కారణం తెలిసే మార్గమేదో ఆయన వాదంలో కనిపించదు.

కనీస వేతనం విషయంలో ఈ లోపం బట్టబయలైంది. కార్మిక విపణిలో సంపూర్ణ పోటీ ఉందని, అంటే ఏ యజమానికీ వేతనాన్ని శాసించే బలం లేదని అనుకుంటే, చట్టం వేతనాన్ని పెంచినప్పుడు ఉద్యోగాలు తగ్గాలి. అమెరికాలోని న్యూజెర్సీ 1992లో గంట వేతనపు కనీస మొత్తాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచగా, పెంపు లేని పొరుగు పెన్సిల్వేనియాతో పోల్చి ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లోని ఉద్యోగాలను పరిశీలించిన డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్, తగ్గుదల కనిపించలేదని 1994లో ప్రకటించారు. వారి గణాంకాలను కొందరు సవాలు చేశారు, అది శాస్త్రానికి తగిన పనే. నోబెల్ గ్రహీత జేమ్స్ బుకానన్ మాత్రం 1996లో, కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పెరుగుతాయనడం నీరు మెరకకు పారుతుందనడంతో సమానమని తేల్చేశారు. ప్రాగుక్తే గీటురాయి అన్న సంప్రదాయం, ప్రాగుక్తి తప్పినట్టు కనిపించిన క్షణాన, పరీక్షకు నిలబెట్టనక్కరలేదన్న ప్రమేయం చాటుకే చేరిందన్నమాట!

పనివాడు వేరే చోటికి సులువుగా వెళ్లలేనప్పుడు యజమాని వేతనాన్ని అణచి ఉంచగలడని, అలాంటి చోట పోటీ సిద్ధాంతపు ఫలితాలు తలకిందులు కావచ్చని జోన్ రాబిన్సన్ 1933లోనే విశ్లేషించారు. న్యూజెర్సీ ఫలితానికి కారణం వెతికినవారిలో చాలామంది, అరవై ఏళ్ల తర్వాత, తిరిగి ఆ పుటలకే వెళ్లవలసివచ్చింది.