సూపరింటెండెంట్ గారూ, ఆ నోటీసు ఎవరి కోసం?



మా జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగం తలుపు మీద సోమవారం అంటించిన నోటీసు చదివాను. తల్లులకు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. తండ్రులు అద్దంలోంచి చూసి వెళ్లిపోవాలి. ఇన్‌ఫెక్షన్ భయమట. ఆ భయం నిజమే, కాదనను. మరి తలుపు పక్కన చేతులు కడుక్కునే కొళాయి ఎన్నాళ్లుగా పనిచేయడం లేదు? అది బాగుచేయించరు, తల్లుల్ని మాత్రం బయటికి పంపుతారా?

మా చెల్లెలికి ముప్పయ్యో వారంలోనే కాన్పయింది. సీమంతానికి తెచ్చిన చీర మడత విప్పనేలేదు. పాప కింది అంతస్తులో ఇంక్యుబేటర్‌లో, తను పై అంతస్తులో బాలింతల వార్డులో. తీసుకెళ్లి చూపిస్తే ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. పేరు మాట ఎత్తనివ్వడం లేదు. అది చూసి ఒక సిస్టర్ “ఈ తల్లికి బిడ్డ మీద ధ్యాసే లేదు” అన్నారు, మా అమ్మ వింటుండగానే. ఆ రోజు నుంచి చెల్లెలు కిందికి దిగనంటోంది.

ధ్యాస లేక కాదండీ, భయంతో. నెలలు నిండని బిడ్డల తల్లుల గురించి కాప్లన్, మేసన్ అనే ఇద్దరు 1960లోనే రాశారు. బిడ్డ దక్కదేమోనని తల్లి ముందే దుఃఖపడుతుంది, నిండు నెలలు మోయలేకపోయానని కుమిలిపోతుంది. అవి దాటాకే మళ్లీ బిడ్డకు దగ్గర కాగలుగుతుంది. పిల్లల డాక్టరూ మనోవిశ్లేషకుడూ అయిన విన్నికాట్ 1956లో మరో సంగతి చెప్పాడు: కాన్పు దగ్గరపడే కొద్దీ తల్లి మనసు లోకాన్ని వదిలి బిడ్డ చుట్టూనే తిరుగుతుంది, పుట్టాక కూడా కొన్ని వారాలు అలాగే ఉంటుంది. కాన్పు ముందటి ఆ వారాలు మా చెల్లెలికి లేకుండా పోయాయి. ఇప్పుడైనా పాప పక్కన కూర్చోనివ్వకపోతే ఆ మనసు ఎప్పుడు కుదురుకోవాలి? అరగంటలోనా?

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి బిడ్డల్ని రోజుకు 8 నుంచి 24 గంటలు గుండెలకు ఆనించుకోమంది. దానికి ఆధారమైన పరిశోధన జరిగిన ఆసుపత్రుల్లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఒకటి. పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించిన బిడ్డల్లో మరణాలు పాతిక శాతం తగ్గాయి. బిడ్డ సంరక్షణలో కుటుంబాన్ని కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇవేవీ మీకు తెలియనివి కావు. తెలిసీ ఆ నోటీసు మీద సంతకం ఎలా పెట్టారు?

పాప తండ్రి, మా మరిది సంగతి అడిగేవాళ్లే లేరు. మందుల చీటీ వచ్చినప్పుడు తప్ప ఆయన్ను ఎవరూ పేరు పెట్టి పిలవరు. రాత్రంతా మెట్ల మీదే కూర్చుంటున్నాడు. ఆయన బెంగ ఎవరు వినాలి? బాలింతల వార్డును కిందికి మారుస్తామన్న మాట ఏమైంది? కౌన్సెలర్‌ను వేస్తామన్నది ఏమైంది? అడిగి అడిగి విసిగిపోయాం.

నోటీసు తీసేస్తారో, మారుస్తారో మీరే చూడండి. తల్లులు లోపల ఉండే దారి ఏదో ఒకటి చూపించండి. ఆ సిస్టర్‌ను శిక్షించమని అడగడం లేదు, అంతమంది పిల్లల్ని ఆవిడ ఒక్కరే చూస్తున్నారు. కానీ మా చెల్లెలికి ఎవరో ఒకరు మంచి మాట చెప్పాలి కదా? అది మీ సిబ్బంది చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఇట్లు,
ఒక బాలింతకు అక్క