చేపలేని చేపల పండగ

పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకే లేడన్నట్టు, 2023 ఆగస్టులో కాలిఫోర్నియా ఉత్తరపు కొసన క్లామత్ అనే చిన్న ఊళ్లో సాల్మన్ పండగ జరిగింది గానీ అందులో సాల్మన్ లేదు. అరవై ఏళ్లుగా యురోక్ తెగవారు జరుపుకుంటున్న పండగ అది. ఊరేగింపు, ఆటల పోటీలు, అంగళ్లు అందులో మామూలే. వాటన్నిటికీ మించిన ఆకర్షణ, రెడ్‌వుడ్ పుల్లలకు గుచ్చి నిప్పుల గుంట చుట్టూ నిలబెట్టి కాల్చే చేప. నదిలో సాల్మన్ మరీ తగ్గిపోయిందని ఆ ఏడాది వడ్డించడమే మానేశారు. బజారులో పెంపకపు సాల్మన్‌కు కొదవేమీ లేదు, కొనుక్కొచ్చి కాల్చినా కాదనేవారు లేరు. అయినా ఆ పని చేయలేదు.

యురోక్ భాషలో సాల్మన్‌ను ‘నెపుయ్’ అంటారు. ‘తినేది’ అని దాని అర్థం. మన ‘అన్నం’ పుట్టుక కూడా అలాంటిదే: సంస్కృతంలో ‘అద్’ అంటే తినడం, అన్నమంటే తినబడేది. అన్నం లేని సంక్రాంతిని ఊహించుకుంటే ఆ పండగ ఎలా జరిగి ఉంటుందో కొంత అర్థమవుతుంది.

ఒకప్పుడు అమెరికా పడమటి తీరంలో సాల్మన్‌కు మూడో అతి పెద్ద నెలవు క్లామత్ నది. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటిలోకే ఎదురీదే చేప సాల్మన్. ఆ దారికి అడ్డంగా 1918 నుంచి 1962 దాకా నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలు లేచాయి. అన్నిటికన్నా దిగువనున్న ఐరన్ గేట్ ఆనకట్టకు చేప ఎక్కే దారే పెట్టలేదు. ఇవి పొలాలకు నీరిచ్చేవి కావు, ఊళ్లకు తాగునీరిచ్చేవీ కావు. యజమాని కంపెనీ తయారు చేసే కరెంటులో వీటి వాటా రెండు శాతం లోపే. ఆ కాస్త కరెంటు కోసం ఎండాకాలమంతా జలాశయాల్లో నీరు వేడెక్కి, పచ్చగా నాచు పట్టేది.

2002 సెప్టెంబరులో పెద్ద దెబ్బ తగిలింది. అది కరవు ఏడాది. ఎగువన సేద్యానికి నీళ్లు మళ్లించడంతో నది సన్నబడింది, వెచ్చబడింది. మొప్పలకు రోగం పాకి తక్కువలో తక్కువ 34,000 చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆ కంపును యురోక్‌లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనకట్టలను కూల్చాలన్న ఉద్యమం గట్టిపడింది అప్పుడే. ఆనకట్టల కంపెనీ అప్పట్లో స్కాట్లండ్‌కు చెందిన స్కాటిష్‌పవర్ చేతిలో ఉండేది. 2004లో తెగల ప్రతినిధులు సముద్రం దాటి ఎడిన్‌బరోలో వాటాదారుల సమావేశానికి వెళ్లారు. తర్వాత కంపెనీ వారెన్ బఫెట్ చేతికి వస్తే, వీళ్లూ ఒమాహాలో ఆయన వాటాదారుల సభకు చేరారు. యజమాని మారిన ప్రతిసారీ చిరునామా కనుక్కుని తలుపు తట్టారన్నమాట. ఇరవై ఏళ్ల ఓపిక అది. కూల్చివేతకు 2022 నవంబరులో అనుమతి వచ్చింది, 2024 అక్టోబరు మొదట్లో పని పూర్తయింది. 45 కోట్ల డాలర్ల వ్యయంలో 20 కోట్లు కరెంటు వినియోగదారుల నుంచి, తక్కినది కాలిఫోర్నియా బాండ్ల నిధి నుంచి. అమెరికా చరిత్రలో ఇంత పెద్ద ఆనకట్టల కూల్చివేత మరొకటి లేదు.

అదే నెల 16న ఎగువన ఆరెగన్ రాష్ట్రంలోని ఒక ఉపనదిలో చినూక్ సాల్మన్ కనిపించింది. అక్కడ ఆ చేప కనబడటం 1912 తర్వాత అదే మొదలు. ఆనకట్టలు పోయాక చేప తిరిగి రావడానికి ఏళ్లు పడుతుందనుకున్నవాళ్లే ఎక్కువ. అది మాత్రం పక్షం రోజులు కూడా ఆగలేదు.

అంతా సాఫీగా సాగలేదు. జలాశయాలు ఖాళీ అవుతుండగా 2024 వసంతకాలం ముందు హేచరీ వాళ్లు వదిలిన ఎనిమిది లక్షలకు పైగా చేపపిల్లలు, ఐరన్ గేట్ సొరంగంలోంచి వెళ్తూ ఒత్తిడికి ఒంట్లో గాలిబుడగలు పుట్టి చచ్చిపోయాయి. కూల్చివేతను వ్యతిరేకించినవారికి మంచి ఆయుధం దొరికినట్టయింది. కాలిఫోర్నియా తీరంలో సాల్మన్ వ్యాపార వేటపై నిషేధం కూడా 2023లో మొదలై ఆపై రెండేళ్లూ సాగింది. ఒక నది తెరుచుకున్నంత మాత్రాన సముద్రం నిండదు.

ఇక అసలు పండగ 2025లో జరిగింది. జూన్ 12న నది పుట్టిన చోట మొదలుపెట్టి, నదీతీర తెగల యువతీయువకులు సన్న పడవల్లో దాదాపు 500 కిలోమీటర్లు తెడ్లు వేసి జూలై 11న సముద్రం ఒడ్డుకు చేరారు. తాతలు చూసిన నదిని ఇలా ఒక కొస నుంచి మరో కొసకు పడవలో వెళ్లే అవకాశం వాళ్ల అమ్మానాన్నలకు దొరకలేదు. అక్కడ వాళ్లకోసం ఎదురుచూస్తూ నిలబడ్డ జనంలో నవ్విన వాళ్లూ, కళ్లు తుడుచుకున్న వాళ్లూ ఉన్నారంటే వింతేమీ లేదు. ఆ శరత్కాలంలో చేప ఇంకా పైకి పోయి ఎగువ క్లామత్ సరస్సు కూడా చేరింది. దారిలో ఇంకా రెండు ఆనకట్టలున్నాయి. వాటిని ఎవరూ కూల్చలేదు. వాటికి చేపల మెట్లున్నాయి, చేప వాటిమీదుగా ఎక్కిపోయింది.

తెలుగువారు చెవి ఒగ్గాల్సింది ఇక్కడే. మనకూ ఏటికి ఎదురీదే చేప ఒకటుంది. బంగాళాఖాతంలో అది ఇలస. గోదావరిలో ఎర్రనీరు దిగాక, వశిష్ఠలోకో గౌతమిలోకో ఎక్కిందంటే పులస. పుస్తెలమ్మైనా తినాలనిపించుకున్న ఘనత మరే చేపకూ లేదు. మట్టిదాకలో బెండకాయలతో పులుసు పెట్టి, మర్నాటిదాకా ఆగి తినేవారి నిగ్రహం మెచ్చదగ్గదే. హైదరాబాదు పెద్దల ఇళ్లకు క్యారేజీల్లో ప్రయాణించే హోదా కూడా దానిదే. సీజన్ రాగానే ఒక్క చేప ఎన్ని వేలు పలికిందో పత్రికలు రాస్తాయి. ఈ ఏడాది నదిలోకి ఎన్ని ఎక్కాయో ఎవరూ రాయరు. ధర పెరగడం వార్త అయింది గానీ, చేప తగ్గడం వల్లే పెరిగిందన్నది వార్త కాలేదు.

ఆ చేప ప్రయాణం ధవళేశ్వరం దగ్గర ఆగుతుంది. అక్కడి కాటన్ ఆనకట్టను కూల్చమనేవాడెవడైనా ఉంటే వాడికి డెల్టా తెలియదనుకోవాలి. పది లక్షల ఎకరాల అన్నం దాని మీదే ఆధారపడి ఉంది. క్లామత్ ఆనకట్టలకూ దీనికీ పోలికే లేదు. కానీ నదికి అడ్డుకట్ట వేస్తే ఇలస దారి మూసుకుపోతుందన్న సంగతి కొత్తదేమీ కాదు. భారతదేశపు మంచినీటి చేపల మీద 1873లో నివేదిక రాసిన ఫ్రాన్సిస్ డే అప్పుడే మద్రాసు రాజధాని ఆనకట్టలను గురించి హెచ్చరించాడు. సాల్మన్ గంతువేసి మెట్లెక్కే చేప, పులసకు ఆ గంతు రాదు. అక్కడి మెట్లు తెచ్చి ఇక్కడ పెడితే పని జరగదు. ఈ చేప ఈతను చూసి దారి వేయాలి. గంగ మీద ఫరక్కా బ్యారేజీ దగ్గర కేంద్ర మత్స్య శాస్త్రవేత్తలు ఇలసను పట్టి ఎగువన వదులుతున్నారు. గోదావరికి ఆ భాగ్యం ఇంకా పట్టలేదు.

బంగ్లాదేశ్ కథ ఇంకా దగ్గరిది. పులసా వాళ్ల ఇలిషూ ఒకే జాతి. అక్కడ 25 సెంటీమీటర్ల లోపు ఇలిష్ పిల్లను జాట్కా అంటారు. ఏటా ‘జాట్కా సంరక్షణ వారం’ పేరుతో పడవల ఊరేగింపులు తీసి, పిల్లను పట్టొద్దని చాటుతారు. ఆశ్వయుజ పౌర్ణమి చుట్టూ, చేప గుడ్లు పెట్టే వేళ, 22 రోజులు వేట బంద్. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. ఆ బియ్యం ఆలస్యమవుతుందనీ, షావుకారు వడ్డీ మాత్రం ఆగదనీ జాలరుల గోడు. ఆ గోడు నిజమే. అయినా 2002-03లో రెండు లక్షల టన్నులున్న ఇలిష్ ఉత్పత్తి ఇరవై ఏళ్లకు అయిదున్నర లక్షలు దాటింది. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట ఆపుతారు. పులస నదిలోకి ఎక్కేది ఆ నిషేధం ముగిశాకే. గుడ్లతో ఎక్కుతున్న చేపకు ఎక్కువ ధర కట్టి మరీ కొనుక్కుంటాం. సాల్మన్‌లా గుడ్లు పెట్టి చచ్చిపోయే చేప కూడా కాదిది, బతికిపోతే మళ్లీ వస్తుంది.

2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లు కడతారు, దీపాలు పెడతారు, ఏ రోజు ఎన్ని లక్షల మంది మునిగారో గంట గంటకూ లెక్క చెబుతారు. పులస ఎక్కే కాలం కూడా దాదాపు అదే. ఆ లెక్కల పక్కనే ధవళేశ్వరం దిగువన ఆ రోజు ఎన్ని పులసలు వలలో పడ్డాయో రాసే నల్లబల్ల ఒకటి పెట్టించండి. రాసేది జాలరులే అయితే మరీ మంచిది.