మా సదస్సుల్లో దండలుండవు: ల్యాబ్ టెక్నీషియన్ల ప్రణాళిక

మేము ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ల్యాబుల్లో పనిచేసేవాళ్లం. పీహెచ్‌సీలో ఒక్కరే అన్నీ చూసుకునేవాళ్లు మాలో ఉన్నారు. పెద్దాసుపత్రి నైట్ డ్యూటీలో ఎనలైజర్ల మధ్య పరుగులు పెట్టేవాళ్లున్నారు, వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీయడం నుంచి రిపోర్ట్ ప్రింట్ దాకా చేసేవాళ్లున్నారు. కొందరం డీఎంఎల్‌టీ, కొందరం బీఎస్సీ ఎంఎల్‌టీ. చాలామందిమి కాంట్రాక్టులోనో ఔట్‌సోర్సింగ్‌లోనో ఉన్నాం. కాలేజీ గడప దాటాక మాకు పద్ధతిగా ఎవరూ ఏమీ నేర్పలేదు. కొత్త మెషిన్ వచ్చినప్పుడు కంపెనీ ఇంజనీరు గంటసేపు బటన్లు చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. రికార్డులో దాన్నే ట్రైనింగ్ అని రాస్తారు.

చదువు మా డ్యూటీలో భాగం కావాలి. మా సమావేశాలు ఆ చదువుకు పనికిరావాలి. మేం చెప్పదలచుకున్నది ఈ రెండు మాటలే, మిగతాదంతా వాటి వివరం.

ఇంకా చదువెందుకని అడిగేవాళ్లకు డెంగీ సీజన్ చూపిస్తే చాలు. వానాకాలం ముదిరేసరికి ఏ ల్యాబ్ ముందు చూసినా ప్లేట్‌లెట్ కౌంట్ కోసం క్యూలే. ఒక పేషెంటుకు సెల్ కౌంటర్ 18,000 అని చూపిస్తుంది. మనిషి నడిచే వచ్చాడు, ఒంటిమీద మచ్చ లేదు, చిగుళ్లలో రక్తం లేదు. డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి కాబట్టి ఆ అంకెను ఎవరూ అనుమానించరు. రిపోర్ట్ వెళ్లిపోతుంది, ఇంట్లోవాళ్లు ఒకపక్క బొప్పాయి ఆకులకు, మరోపక్క బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తుతారు.

తెలిసినవాళ్లయితే అక్కడ ఆగుతారు. ట్యూబులో చిన్న క్లాట్ ఉందేమో ముందు పుల్లతో తిప్పి చూస్తారు. స్మియర్ వేసి, లీష్మన్ స్టెయిన్ చేసి, స్లైడ్ మీద రక్తం పలచబడే చివరి అంచున వెతుకుతారు. ప్లేట్‌లెట్లు అక్కడ గుంపులు గుంపులుగా అతుక్కుని కనిపిస్తాయి. కొందరి రక్తంలోని యాంటీబాడీల వల్ల, పర్పుల్ క్యాప్ ట్యూబులోని ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు ఇలా గుంపుకడతాయి. మెషిన్ ఆ గుంపును ప్లేట్‌లెట్ల కింద లెక్కపెట్టదు, ఒక్కోసారి తెల్లకణం అనుకుంటుంది. అదే మనిషి రక్తాన్ని నీలి క్యాప్ సిట్రేట్ ట్యూబులో తీసి, ఆలస్యం చేయకుండా రన్ చేసి, ద్రావణం కలిసినందుకు 1.1తో గుణిస్తే చాలాసార్లు అసలు కౌంట్ బయటపడుతుంది. అది లక్షన్నర కావచ్చు. ఇందుకు కావలసింది ఒక స్లైడ్, ఒక ట్యూబు, కాస్త సమయం, ఎప్పుడో ఒకసారి ఇది దగ్గరుండి చూపించిన మనిషి. మొదటి మూడూ దాదాపు ప్రతి ల్యాబ్‌లో ఉన్నాయి.

నాలుగోదాని కోసమే మా సమావేశాలు.

ఇప్పుడు సమావేశాలు లేవని కాదు, ఉన్నాయి. పదింటికని కార్డు వేస్తారు, ముఖ్య అతిథి పన్నెండింటికి వస్తారు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, దండలు, మెమెంటోలు. వేదిక మీద కూర్చున్నవాళ్లందరూ మాట్లాడేసరికి భోజనాల వేళవుతుంది. మధ్యాహ్నం ఒక కంపెనీ ప్రతినిధి తన కొత్త ఎనలైజర్ గంటకు ఎన్ని టెస్టులు చేస్తుందో చెప్తాడు. సర్టిఫికెట్ల దగ్గర తోపులాట, గ్రూప్ ఫొటో, బస్సు. మర్నాడు బెంచ్ దగ్గర నిలబడితే నిన్న నేర్చుకున్నది ఒక్కటీ గుర్తుకురాదు, ఎందుకంటే నిన్న నేర్చుకున్నది ఏమీ లేదు. సంఘం పెద్దలకు కోపం వచ్చినా సరే, మేం ఇలాంటివి జరపం. మేం జరిపే సభకు వేదిక ఉండదు, దండలుండవు. మైక్రోస్కోప్ ఉంటుంది.

వచ్చే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి తేవాలి. అర్థంకాని స్లైడ్ కావచ్చు, పొంతన కుదరని రిపోర్ట్ కావచ్చు, కిందటి నెల క్యూసీ చార్ట్ కావచ్చు. పేషెంటు పేరు, ఆస్పత్రి పేరు చెరిపేసి తేవాలి. బల్లమీద పెట్టిన తప్పు ఆ గది దాటి పోకూడదు. దాని పేరుతో ఎవరికీ మెమో రాకూడదు. ఈ హామీ లేకపోతే ఎవరూ నోరు విప్పరు, అందరూ తమ ల్యాబ్‌లో అన్నీ బాగున్నాయనే చెప్తారు. మాట్లాడుకునేది తెలుగులోనే. పాడేరు నుంచి వచ్చినవాళ్లయినా, జూబ్లీహిల్స్ నుంచి వచ్చినవాళ్లయినా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు.

క్యూసీ గురించి కొంచెం కటువుగానే మాట్లాడుకోవాలి. కంట్రోల్ ఫెయిలైతే పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ రన్ చేయడం, పాసైన అంకెనే రాసుకోవడం చాలాచోట్ల అలవాటైపోయింది. ఏది యాదృచ్ఛికంగా వచ్చిన తేడా, ఏది నిజంగా వచ్చిన మార్పు అని విడదీసే నియమాలను జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు 1981లోనే ఇచ్చారు. ఒకే కంట్రోల్ పదిసార్లు వరుసగా మీన్‌కు ఒకేవైపు పడుతుంటే, ఏ పాయింటూ 2 ఎస్‌డీ దాటకపోయినా, ఏదో మెల్లగా పక్కకు జరిగిందని అర్థం. రీజెంట్ లాట్ మారిందా, ల్యాంప్ బలహీనపడిందా, క్యాలిబ్రేషన్ పక్కకుపోయిందా అని వెతకాలి. ఎక్స్‌టర్నల్ క్వాలిటీ (ఈక్వాస్) సంగతి ఇంకా ఘోరం. వెల్లూరు సీఎంసీ ప్రోగ్రాం లాంటివాటి శాంపిల్ రాగానే పక్క ల్యాబుకు ఫోన్ చేసి "మీకెంత వచ్చింది?" అని కనుక్కుని అంకె సర్దేవాళ్లున్నారు. డబ్బు కట్టి మరీ మనల్ని మనమే మోసం చేసుకోవడం ఇది. మాతో చేరేవాళ్లు ఈ రెండు పనులూ చేయబోమని మాటివ్వాలి. వచ్చిన ఈక్వాస్ రిపోర్ట్ తనిఖీ ఫైల్లో నిద్రపోకుండా బెంచ్ మీద పనిచేసేవాళ్ల చేతికి అందాలి.

ఇందులో ప్రాణాలకు సంబంధించిందేమీ లేదనుకునేవాళ్లు ఉద్దానం వైపు చూడాలి. అక్కడ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. అది ఎవరికుందో తేల్చేది మాత్రం ముందుగా క్రియాటినిన్. 2021 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రం ప్రకారం అరవై ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.0 ఉంటే ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 64 వస్తుంది, 1.2 ఉంటే 52కు పడిపోతుంది. అనుమానించాల్సిన గీత 60 దగ్గరుంది. రెండు ల్యాబుల మధ్య 0.2 తేడా మాకు మామూలే అనిపిస్తుంది, ఆ తల్లికి మాత్రం అది జబ్బు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య తేడా. ఇప్పటికీ ఎన్నో చోట్ల వాడే జాఫే పద్ధతి 1886లో గమనించిన రసాయన చర్య మీద నడుస్తోంది. కీటోన్లు, బిలిరుబిన్ దాన్ని ఎటు లాగుతాయో తెలియాలంటే కిట్ ఇన్‌సర్ట్ చదవాలి. డబ్బా విప్పగానే ఆ కాగితం చెత్తబుట్టలోకి పోతోంది. అందుకే మా ప్రతి సమావేశంలో ఒక కిట్ ఇన్‌సర్ట్ మొదటి పంక్తి నుంచి చివరిదాకా పైకి చదువుతాం. చదవడంతోనే ఆపం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. మా పరీక్షల్లో అది పేరు రాసి మార్కులు తెచ్చుకునే ప్రశ్నగా మిగిలింది. ఆ పద్ధతిలో నీలిరంగు ఎందుకొస్తుందో చేసి చూసినవాళ్లు తక్కువ. మేం చేసి చూస్తాం.

డబ్బు సంగతి. రీజెంట్ కంపెనీలు స్టాల్ పెట్టుకోవచ్చు, అద్దె కట్టొచ్చు. ఎవరు మాట్లాడాలో, ఏం మాట్లాడాలో నిర్ణయించడానికి వీల్లేదు. జమాఖర్చు గోడమీద అంటిస్తాం. భోజనం పప్పన్నమే.

వైద్య నిర్ణయాల్లో 70 శాతం ల్యాబ్ రిపోర్టుల మీదే ఆధారపడతాయని మనవాళ్లు ప్రతి బ్యానర్ మీదా రాస్తుంటారు. ఆ లెక్కకు గట్టి ఆధారం దొరకలేదని 2011లోనే ఒక బ్రిటిష్ బయోకెమిస్ట్రీ పత్రికలో వచ్చింది. ఆధారం లేని అంకెను రిపోర్ట్‌లో రాయనివాళ్లం బ్యానర్ మీద ఎందుకు రాయాలి? అది మా బ్యానర్ మీద ఉండదు.

డాక్టర్లతో మాకు తగువు లేదు. రిపోర్ట్ మీద సంతకం ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2017 డిసెంబరులో కోర్టు తన మాట చెప్పింది. ఆ గొడవను మా చదువు బల్ల మీదికి తేవద్దని మా కోరిక. పాథాలజిస్టులు, మైక్రోబయాలజిస్టులు, బయోకెమిస్టులు నెలకో పూట మా పక్కన కూర్చుని స్లైడ్ చూస్తే చాలు. స్టాఫ్ నర్సులను కూడా పిలుస్తాం, ఎందుకంటే సగం తగాదాలు వార్డులోనే మొదలవుతాయి. రక్తం చాలలేదని పర్పుల్ ట్యూబులోంచి కొంచెం ప్లెయిన్ ట్యూబులోకి ఒంపితే, పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో ఉన్న రిపోర్ట్ వస్తుంది. ఈ సంగతి ఒకసారి చూపిస్తే ఏ నర్సూ మళ్లీ ఆ పని చేయదు. వాళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే ఆ పని ఆగదు. ఏప్రిల్ 15న ప్రపంచ బయోమెడికల్ లేబొరేటరీ సైన్స్ దినోత్సవం పేరుతో కేకులు కోస్తున్నాం. ఆ రోజు ల్యాబ్ తలుపులు తీసి వార్డు సిబ్బందికి వాళ్ల ట్యూబు ప్రయాణం చూపిద్దాం.

ఇక ప్రభుత్వాలను అడగాల్సింది. డాక్టర్లు ఐదేళ్లలో కనీసం 30 గంటలు సీఎంఈకి హాజరుకావాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అమెరికా ల్యాబుల్లో పనిచేసే మన తెలుగువాళ్లు ఏఎస్‌సీపీ సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి మూడేళ్లకు 36 పాయింట్లు చూపిస్తారు. ఇక్కడ మాకు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, మా వృత్తి అందులో ఉంది. రాష్ట్ర కౌన్సిళ్లు మా రిజిస్ట్రేషన్‌ను నిరంతర విద్యతో ముడిపెట్టాలి. కానీ ఆ గంటలను డబ్బు కట్టి కొనుక్కునే వీలుండకూడదు. ఆన్‌లైన్ వీడియో పెట్టి, టీ తాగి వచ్చి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే గంట గంటే కాదు. బెంచ్ మీద చేసి చూపిన పనిని లెక్కలోకి తీసుకోవాలి. అన్నిటికంటే ముందు కావలసింది ఓడీ. సీఎల్ పెట్టుకుని, సొంత చార్జీలతో చదువుకోవడానికి వెళ్లేవాళ్లను ఎన్నాళ్లు ఆశిస్తారు? నెలకో రోజు ఆన్ డ్యూటీ ఇవ్వాలి, కాంట్రాక్టు వాళ్లకూ ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ జీతం కోయకుండా ఇవ్వాలి. ఒక్కరే ఉన్న పీహెచ్‌సీకి ఆ రోజు పక్క సెంటర్ నుంచి మనిషిని పంపాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.

ఉత్తర్వు వచ్చేదాకా ఆగం. ఏ జిల్లా కేంద్రంలోనైనా ఐదుగురు దొరికితే, రెండో ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్న ఏ సెమినార్ హాలులోనైనా కూర్చోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, సభ్యత్వ రుసుము లేదు. వచ్చేటప్పుడు కిందటి నెల క్యూసీ చార్టు పట్టుకురండి, దిద్దకుండా.