అగ్ని కురిపించమన్న శిష్యులకు యేసు జవాబు

యెరికోలో ఇశ్రాయేలీయులు ఆడామగా, పిల్లాపెద్దా తేడా లేకుండా కత్తికి ఎరచేశారని యెహోషువ గ్రంథం చెబుతుంది. అమాలేకీయుల చంటిపిల్లల్నీ వదలొద్దని దేవుడే ఆజ్ఞాపించాడని సమూయేలు మొదటి గ్రంథంలో ఉంది. శత్రువుల్ని ప్రేమించమన్న యేసుకూ ఈ దేవుడికీ పొత్తు కుదరదని రెండో శతాబ్దంలోనే మార్కియన్ అనే బోధకుడు పాత నిబంధన మొత్తాన్నీ తోసిపుచ్చాడు. సంఘం అతణ్ణి వెలివేసింది గాని, అతని ప్రశ్న మాత్రం పోలేదు. నా మటుకు నేను పాత నిబంధనను వదులుకోను. కానీ ఆ ఊచకోతలు దేవుడి ఆజ్ఞలని నమ్మను. గెలిచినవాళ్లు తమ కత్తికి దేవుడి పేరు పెట్టుకున్నారు, అంతే.

నచ్చినవి ఏరుకుని నచ్చనివి పారేయడమే కదా ఇది అంటారు. ఏరే పని మొదలుపెట్టింది యేసే. తమను చేర్చుకోని సమరయుల ఊరిమీద ఆకాశం నుంచి అగ్ని దింపుదామా అని యాకోబు, యోహాను అడిగారు. ఏలీయా అలా దింపిన ఉదంతం రాజుల రెండో గ్రంథంలో ఉంది. అంటే లేఖనం వాళ్ల పక్షానే ఉంది. అయినా యేసు వాళ్లనే గద్దించాడు. నజరేతు సమాజమందిరంలో యెషయా గ్రంథం చదువుతూ, ప్రతిదండన దినం అన్న మాట దగ్గరికి రాకముందే చుట్ట మూసేశాడు.

మన కోస్తాంధ్ర తీరపు క్రైస్తవ చరిత్ర కూడా నాకు ఆధారమే. ధాత కరువు (1876-78) రోజుల్లో, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి దొరికేలా చేశాడు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లు నమ్మిన దేవుడు కాలువగట్టున అన్నం పెట్టిన దేవుడు. ఇదే తీరంలో 2004 డిసెంబరు 26 సునామీ మత్స్యకారుల పట్టపుపాలేల మీద పడ్డప్పుడు, దాన్ని పాపానికి శిక్ష అనగలిగినవాళ్లు లూకా సువార్త 13వ అధ్యాయం చదవలేదనుకోవాలి. సిలోయము గోపురం కూలి చచ్చిపోయిన 18 మంది తక్కినవాళ్లకంటే పాపులేమీ కారన్నాడు యేసు. మారుమనస్సు పొందమనీ అన్నాడు, నిజమే. కానీ అది వింటున్నవాళ్లకు చెప్పిన మాట, చనిపోయినవాళ్ల మీద వేసిన తీర్పు కాదు.

అసలు బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఉగ్రత లేని దేవుడు కారంచేడు మాదిగలకు ఎందుకు? 1985 జూలై 17న అక్కడి భూస్వాములు చేసిన దాడి తర్వాత చీరాల చర్చి ఆవరణలో తలదాచుకున్నవాళ్లకు మెత్తటి మాటలు ఏం న్యాయం చేస్తాయి? ఇక్కడే యెహోషువకూ, శత్రువులకు కీడు కోరే శాప కీర్తనలకూ తేడా చూడాలి. అక్కడ కత్తి పట్టినవాడు దేవుడి పేరు చెబుతున్నాడు. ఇక్కడ దెబ్బతిన్నవాడు కత్తి పట్టకుండా తన కోపాన్ని దేవుడి ముందు కుమ్మరిస్తున్నాడు. తీర్పు ఉంది, అది మన చేతుల్లో లేదు. పగ తీర్చుకోవద్దని పౌలు రోమా సంఘానికి రాసిందీ అదే. అందుకే 1971లో కథోలిక సంఘం తన నిత్య ప్రార్థనల పుస్తకంలోంచి 58, 83, 109 కీర్తనల్ని తీసేయడం నాకు నచ్చదు. మన గుళ్లలో 109వ కీర్తన పూర్తిగా చదవాలి. యెరికో మీద వాక్యం చెప్పే పాస్టర్‌గారు ఆ పూటే సమరయుల ఊరి సంగతి కూడా చెప్పాలి.