ఈశాన్యం చూశారు, మెట్లు చూశారా?

జూబ్లీహిల్స్‌లో బడి కోసం బంగళా లీజుకు తీసుకునేవాళ్లు ఈశాన్యం చూస్తారు. రోడ్డు మీంచి బోర్డు కనపడుతుందో లేదో చూస్తారు. అడ్వాన్సు దగ్గర పూటంతా బేరమాడతారు. పైన పిల్లలుండగా కింద పొగ లేస్తే వాళ్లు దిగే దారేదని మాత్రం అడగరు!

అది ఒక కుటుంబం కోసం కట్టిన ఇల్లు. మెట్లు ఒకటే వరస, అదీ హాలు మధ్యలోంచి మెలికలు తిరుగుతూ. కిటికీలకు దొంగల భయంతో బిగించిన గ్రిల్స్. కొండ తొలిచి కట్టారు కాబట్టి ముందునుంచి ఒక అంతస్తు, వెనకనుంచి మూడు. ప్లాన్‌లో కార్లకని చూపిన సెల్లార్ యాక్టివిటీ రూమ్ అయిపోతుంది. ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్ మీద రేకులేసి డైనింగ్ హాల్ అంటారు. గోడల మీద ఏనుగు బొమ్మ వేస్తే ఇల్లు బడి అయిపోతుందా?

ముందే కనుక్కోవడం ఏమన్నా బ్రహ్మవిద్యా? ఈసీ, లింక్ డాక్యుమెంట్లు ఎలాగూ లాయరుకు చూపిస్తారు, డబ్బు సంగతి కదా! మంజూరైన ప్లాన్ ఇంటికా, బడికా? ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఉందా? ఫైర్ ఎన్‌ఓసీ వస్తుందా? రెండో మెట్లదారికి ఓనరు ఒప్పుకుంటాడా? సంతకానికి ముందైతే ఇవి నాలుగు ప్రశ్నలు. తర్వాతైతే "అడ్మిషన్లు అయిపోయాయండీ" అన్న ఒకే జవాబు.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి అంటుకుని 94 మంది పిల్లలు కాలిపోయారు. భద్రమైన బడి కూడా చదువు హక్కులో భాగమేనని 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరు విన్నారు? 2016 జూలైలో ఇదే జూబ్లీహిల్స్ పక్కన ఫిలింనగర్‌లో కల్చరల్ సెంటర్ పోర్టికో కూలి ఇద్దరు కూలీలు చనిపోతే నాలుగు రోజులు మాట్లాడుకుని ఊరుకున్నాం. 2025 ఏప్రిల్ 8న సింగపూర్‌లో పిల్లల శిక్షణ తరగతులు నడిచే భవనం అంటుకుంటే పవన్ కల్యాణ్ కొడుకు గాయపడ్డాడు, పదేళ్ల పాప చనిపోయింది. పక్కన పనిచేస్తున్న వలస కూలీలు పరంజా తెచ్చి పిల్లల్ని దించారు. అంత కట్టుదిట్టమైన ఊళ్లోనే అలా జరిగితే, మన గ్రిల్స్ కిటికీల దగ్గరికి ఎవరొస్తారు?

కాగితం చూసి సంతకం పెట్టే అధికారికి పట్టదు. అద్దె అందితే ఓనరుకు పట్టదు. లక్షల ఫీజు కట్టే మనకైనా పట్టాలి కదా! చెక్కు ఇచ్చేముందు ఓసీ, ఫైర్ ఎన్‌ఓసీ కాపీలు అడగండి. వెనక మెట్లు ఎక్కి దిగి చూడండి. వాటికి తాళం వేసి ఉంటే చెక్కు జేబులోనే పెట్టుకుని బయటికి రండి.