శెనక్కాయకు ఏ పరీక్ష మేలు?

మడకశిర ఎర్రనేలల్లో కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే నష్టం దిగుబడితో ఆగదు. నేల వేడెక్కి కాయ బెట్టకొస్తే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు పప్పులోకి దిగుతుంది. అది వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయ క్యాన్సర్ తెచ్చే విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాక, వాటి దాణాలో వాడిన వేరుశనగ పిండి నుంచే ఇది బయటపడింది.

దీన్ని కచ్చితంగా కొలిచే పద్ధతి హెచ్‌పీఎల్‌సీ. పప్పును నూరి, మిథనాల్ కలిపిన నీళ్లతో విషాన్ని బయటికి లాగి, వడకట్టి, శుద్ధి చేసి, అందులో కొద్ది మైక్రోలీటర్లు మాత్రమే యంత్రానికి ఎక్కిస్తారు. పంపు గట్టి ఒత్తిడితో దాన్ని జానెడు స్టీలు గొట్టంలోకి తోస్తుంది. అదే కాలమ్. లోపల ఐదేసి మైక్రాన్ల సిలికా రేణువులు, వాటి మీద పద్దెనిమిది కార్బన్ల గొలుసులు ఉంటాయి. గొలుసులకు తక్కువ అంటుకునేది ముందు బయటపడుతుంది, ఎక్కువ అంటుకునేది ఆలస్యమవుతుంది. అఫ్లాటాక్సిన్‌లోని నాలుగు రకాలూ జీ2, జీ1, బీ2, బీ1 అనే వరుసలో విడివిడిగా వస్తాయి. అతినీలలోహిత కాంతి తగిలితే ఇవి మెరుస్తాయి. కానీ అన్నిటికన్నా ప్రమాదకరమైన బీ1 నీళ్లలో మసకగా మెరుస్తుంది. అందుకే కాలమ్ దాటాక బ్రోమిన్‌తోనో ప్రత్యేక దీపంతోనో దాని రూపం మార్చి చూస్తారు. తెరమీద లేచిన శిఖరం వైశాల్యాన్ని తెలిసిన మోతాదుతో పోల్చి లెక్క కడతారు. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 2 మైక్రోగ్రాముల బీ1 మించకూడదనే యూరప్‌కు సరుకు పంపాలన్నా, తగాదా తేల్చాలన్నా ఈ అంకెకే విలువ.

అయితే యంత్రం, ద్రావకాలు, చేయి తిరిగిన కెమిస్టు, ఆగని కరెంటు, ఇవన్నీ ఖర్చే. పటాన్‌చెరులోని పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో ఎలిసా పరీక్షను రూపొందించింది ఇందుకే. యాంటీబాడీలు విషాన్ని పట్టుకుంటాయి, రంగు తేడాతో మోతాదు తెలుస్తుంది, ఒక్క ప్లేటులో ఎన్నో నమూనాలు చూడొచ్చు. కాకపోతే నాలుగు రకాలనూ విడదీసి చెప్పదు, పోలిక ఉన్న వేరే పదార్థానికీ స్పందించవచ్చు. హద్దు దగ్గర ఉన్న సరుకు మీద ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం అన్యాయం. బస్తా కదలకముందే మంచీచెడ్డా వేరు చేయడానికి మాత్రం నేను ఎలిసా వైపే.

రెంటికీ ఒకటే గండం, నమూనా. బస్తా మొత్తంలో విషం ఏ కొన్ని పప్పుల్లోనో ఉంటుంది. పైనుంచి పిడికెడు తీస్తే అవి తగలకపోవచ్చు, తగిలితే సరుకంతా చెడినట్టు కనిపించవచ్చు. అడుగునుంచీ మధ్యనుంచీ తీసి, కలిపి, నూరకపోతే ఎంత ఖరీదైన కాలమ్ అయినా తప్పే చెబుతుంది.

ఇంకొకటి. పరీక్షలో తప్పిన బస్తా ఎటు పోతుంది? నూనె మిల్లుకు పోతే శుద్ధి చేసిన నూనెలో విషం దాదాపు మిగలదు గానీ చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలో అది ఎం1 అనే రూపంలోకి మారి తేలుతుంది. ఆ సరుకుకు వేరే దారీ, దాని రైతుకు ఎంతో కొంత ధరా చూపకుండా పరీక్ష పెడితే, ఏ రైతు తన బస్తా తెచ్చి ముందుపెడతాడు?