ఎర్రపిల్లల గుంపు కనబడితే



వానలకు మా చెరువులో నీళ్లు చేరిన వారంలో ఇద్దరు యౌవనస్థులు రబ్బరు కప్ప ఒకటి తెచ్చి, "అయ్యగారూ, వానపాములు అక్కరలేదు. దీనితోనే కొరమీనును పడతాం, చూడండి" అన్నారు.

అమెరికాలో బాస్ అనే చేపను ఇలా రబ్బరు చేపలతో, రబ్బరు కప్పలతో పడతారు. ఆ చేప కర్నూలు, కడప చెరువుల్లో లేదు. అయితే ఎదుట కదిలేదానిమీద ఎగబడే గుణం మన కొరమీనుకూ ఉంది. తెలంగాణ 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకొన్నది దీనినే.

రబ్బరు కప్పకు రెండు గాలాలూ వీపునంటి పైకి ఉంటాయి గనుక తుంగలో, నాచులో చిక్కుకోవు. చేప కరిస్తే మెత్తని ఒళ్లు అణగి గాలాలు బయటపడతాయి. కొరమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది. అక్కడ నీళ్లు సుళ్లు తిరుగుతాయి. ఆ చోటు దాటించి కప్పను విసరాలి. కొంచెం లాగాలి, ఆపాలి, మళ్లీ లాగాలి. చప్పుడైన వెంటనే గుంజితే కప్ప ఒక్కటే చేతికొస్తుంది. దారం బరువెక్కేదాకా ఆగి, అప్పుడు గట్టిగా లాగాలి.

ఆ సాయంత్రం నీటిపైన ఎర్రటి చిన్నపిల్లల గుంపు కనబడింది. కుర్రవాళ్లు అక్కడే విసిరారు. రెండో విసురుకే పెద్ద కొరమీను పడింది. మా యింటికీ గిన్నెడు కూర వచ్చింది. సంతోషంగా తిన్నాను.

తెల్లవారి చెరువుగట్టుకు వెళ్లాను. ఆ గుంపు చెదిరిపోయింది. కింద నుండి చేపలు, పైనుండి కొంగలు పిల్లలను ఏరుకొని తింటున్నాయి. అప్పుడు నాకు అర్థమైంది. కొరమీను పిల్లలు పెద్దవయ్యేదాకా వాటి కిందే కావలి కాస్తుంది. నిన్న అది ఆకలితో కరవలేదు, పిల్లలమీదికి శత్రువు వచ్చిందని కరిచింది.

పక్షి గూడు దొరికితే పిల్లలతో కూడా తల్లిని తీసుకోవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది. ఆ భాగంమీద ప్రసంగం చేసినవాడను. ఆ సాయంత్రం మాత్రం అది గుర్తుకు రాలేదు.

ఆ కుర్రవాళ్లతో మాట్లాడాను. ఇప్పుడు ఎర్రగుంపు కనబడితే వాళ్లు వేరే చోట విసురుతున్నారు. గాలం మొన పక్కనుండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేశారు. పొరపాటున కావలి చేప పడినా, చేతులు తడుపుకొని, గాలం తీసి, అక్కడే వదిలేస్తున్నారు.

తండ్రులారా, మీ పిల్లలకు గాలం వేయడం నేర్పండి. ఎక్కడ వేయకూడదో కూడా నేర్పండి. వచ్చే ఏడు చెరువులో కొరమీను ఉండాలి గదా!